కంప్యూటరులోని కంప్యూటరుకు డిస్కు డ్రైవు తగిలించడమెలా?

(బి.యస్‌సి. తృతీయ సంవత్సర విద్యార్థి)

ఇప్పుడు బజారులో దొరికే లాప్‌టాపులు ఏటేటా పలచబడుతున్నాయి. పలచబడే క్రమంలో అవి ముందుగా వదిలించుకున్నది సి.డి. డ్రైవును. కొత్త యంత్రం కొన్న విద్యార్థికి ఆ లోటు వెంటనే తెలియదు. పాటా, పాఠమూ, సినిమా అన్నీ ఫోనులోకే వస్తుంటే ఇంకా డిస్కుతో పనేమిటి అనుకుంటాడు. కాని మన సైన్సు విభాగాల బీరువాలు ఒకసారి తెరిచి చూడండి. ఎంత విజ్ఞానం ఆ గుండ్రటి పళ్ళాల్లో చిక్కుకుని వుందో అర్థమవుతుంది.

ఉదాహరణకు మా కెమిస్ట్రీ విభాగం సంగతే చెబుతాను. మనకంటే ముందు చదివిన విద్యార్థులు చుట్టుపట్ల గ్రామాల పొలాల్లో మన్ను తీసుకొచ్చి, దాని ఉదజని సూచిక, లవణాలు, భాస్వరం, పొటాష్ పరీక్షించి, ఆ ఫలితాలను సి.డి.ల మీద ఎక్కించి పెట్టారు. ఒక డబ్బా నిండా వున్నాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేరు కూడా సి.డి. మీదే వుంది, అది విండోస్ ఎక్స్‌పి మీద తప్ప నడవదు. ఎక్స్‌పి వున్న పాత కంప్యూటరు మూలబడింది. మైక్రోసాఫ్టు వారు 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పికి మద్దతు ఆపేశారు గనుక కొత్త యంత్రంలో దాన్ని నేరుగా ఎక్కించడం తెలివైన పని కాదు, చాలాసార్లు ఎక్కదు కూడా.

పోతే పోనీ అనుకోవడానికి వీల్లేదు. నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. చేను సారం పెరుగుతోందా తరుగుతోందా అని తెలియాలంటే పాత లెక్క ఒకటి చేతిలో వుండాలి. ఈ ఏటి మన్ను ఈ ఏడే పరీక్షించగలం. పదిహేనేళ్ళ కిందటి మన్ను కావాలంటే ఎంత లోతు తవ్వినా దొరకదు. ఆ లెక్క ఆ డిస్కుల్లోనే వుంది. కాబట్టి ఈ వ్యాసంలో చెప్పబోయేది కాలక్షేపపు విద్య కాదని మనవి.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటి?

ఒక కంప్యూటరు లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన మరో కంప్యూటరే వర్చువల్ మెషీన్. మా వూరి భాషలో చెప్పాలంటే ఇది కౌలు వ్యవహారం. పొలం ఒకరిది, కౌలుకు చేసేది ఇంకొకరు. కౌలుదారుకు తన మడి, తన గట్లు, తన పంట వుంటాయి. కాని నీరు, దారి, కరెంటు మాత్రం భూస్వామి ద్వారానే రావాలి. అలాగే పైన వున్న అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌ను హోస్టు అంటారు. లోపల అద్దెకున్నదాన్ని గెస్టు అంటారు. తెలుగులో ఆతిథేయి, అతిథి అనవచ్చు గాని రెండూ ఒకేలా వినబడి తికమక పెడతాయి. అందుచేత హోస్టు, గెస్టు అనే వాడతాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1960ల్లోనే ఐ.బి.ఎం. సంస్థ తన పెద్ద యంత్రాలమీద దీన్ని నడిపింది. 1972లో వి.ఎం./370 అనే పేరుతో ప్రకటించింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ప్రాసెసర్ మీద వర్చువల్ మెషీన్ సక్రమంగా నడవాలంటే ఏ షరతులుండాలో నిరూపించారు. మనం వాడే చిన్న ప్రాసెసర్లకు ఆ సౌకర్యం ఇంటెల్ 2005లో, ఎ.ఎం.డి. 2006లో కల్పించాయి. చాలా యంత్రాల్లో ఈ సౌకర్యం బయాస్ సెట్టింగుల్లో ఆపివేసి వుంటుంది. ముందుగా దాన్ని తెరవాలి. లేకపోతే తర్వాత చెప్పేవేవీ పనిచెయ్యవు.

ఈ పాఠానికి నేను ఎన్నుకున్నది వర్చువల్‌బాక్స్. ఇది 2007లో బయటికొచ్చింది, 2010 నుంచి ఒరాకిల్ సంస్థ చేతిలో వుంది. దాని మూల ప్యాకేజీ ఉచితం. హోస్టు ఉబుంటు లినక్స్, గెస్టు విండోస్ ఎక్స్‌పి అనుకుందాం. హోస్టు విండోస్ అయినా సూత్రం ఇదే. గెస్టుగా ఎక్కించే విండోస్ మాత్రం లైసెన్సు వున్న ప్రతి కావాలి సుమా!

బయటి డ్రైవు లోపల ఏముంది?

యు.ఎస్.బి. తీగతో తగిలించే డ్రైవు మూత విప్పితే అందులో మామూలు లాప్‌టాపు డ్రైవే కనబడుతుంది. దానికీ తీగకీ మధ్య ఒక చిన్న చిప్పు వుంటుంది. అది దుబాసీ. ఒకవైపు యు.ఎస్.బి. భాష, మరోవైపు డ్రైవు భాష మాట్లాడుతుంది. కంప్యూటరు "ఫలానా నంబరు సెక్టారు చదివి పంపు" అని ఆజ్ఞ ఇస్తుంది. డ్రైవు ఆ సెక్టారును లేజరుతో చదివి పంపుతుంది.

సి.డి. మీద సమాచారం ముక్కలు ముక్కలుగా వుంటుంది. ఒక్కో ముక్క పేరే సెక్టారు. అందులో మొత్తం 2352 బైట్లుంటాయి. డేటా సి.డి.లో మన సమాచారానికి దక్కేది 2048 బైట్లే. మిగతా 304 బైట్లు గుర్తులకు, తప్పులు దిద్దుకోవడానికి పోతాయి. సెకనుకు 75 సెక్టార్లు. 80 నిమిషాల డిస్కులో 80 × 60 × 75 = 3,60,000 సెక్టార్లు. వాటిని 2048తో హెచ్చిస్తే 73,72,80,000 బైట్లు. డబ్బా మీద 700 మెగాబైట్లని రాసేది ఇదే. ఈ 2048 అంకెను గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

డ్రైవు కొనేటప్పుడు డి.వి.డి. డ్రైవే కొనండి. సి.డి. చదవడానికి 780 నానోమీటర్ల లేజరు, డి.వి.డి.కి 650 నానోమీటర్ల లేజరు కావాలి. డి.వి.డి. డ్రైవు రెండింటినీ చదువుతుంది. సి.డి. డ్రైవు డి.వి.డి.ని చదవలేదు.

ఒక బావి, ఇద్దరు అన్నదమ్ములు

ఇక అసలు చిక్కుకు వద్దాం. డ్రైవును లాప్‌టాపుకు తగిలించగానే హోస్టు దాన్ని తనదిగా చేసుకుంటుంది. లోపలున్న గెస్టుకు డ్రైవు వచ్చిన సంగతే తెలియదు. "హోస్టులో డిస్కు కనబడుతోంది, ఎక్స్‌పిలో కనబడటం లేదేం?" అని చాలామంది అడిగే ప్రశ్నకు జవాబు ఇదే.

ఒక బావి మీద ఇద్దరు అన్నదమ్ములకు హక్కుంటే నీళ్ళు వంతుల ప్రకారం పెట్టుకుంటారు. ఒకేసారి ఇద్దరూ తమ మడికి మళ్ళించుకుంటే ఎవరికీ నీరందదు. డ్రైవూ అంతే. దాన్ని గెస్టుకు ఇవ్వడానికి మూడు దారులున్నాయి. మూడింటికీ తేడా తెలిసినవాడికి ఎక్కడా తడబాటుండదు.

మొదటి దారి: డిస్కుకు నకలు తీయడం

డిస్కులోని సెక్టార్లన్నీ వరసగా చదివి ఒకే ఫైలుగా రాసుకుంటే దాన్ని ఐ.ఎస్.ఓ. ఫైలంటారు. లినక్స్‌లో డి.డి. అనే ఆజ్ఞతో, ఒక్కో ముక్క పరిమాణం 2048 అని చెప్పి ఈ పని చెయ్యవచ్చు. విండోస్ హోస్టులో ఇందుకు వేరే ఉచిత సాధనాలు దొరుకుతాయి. తర్వాత వర్చువల్‌బాక్స్‌లో గెస్టు సెట్టింగులు తెరిచి, స్టోరేజ్ అనే భాగంలో ఆప్టికల్ డ్రైవు గుర్తు మీద నొక్కి, ఆ ఫైలును ఎన్నుకోవాలి. గెస్టుకు అది నిజమైన డిస్కులాగే కనబడుతుంది.

ఇందులో గొప్ప లాభం ఒకటుంది. డ్రైవు అవసరం నకలు తీసేంతవరకే. ఆ తర్వాత డిస్కును భద్రంగా పెట్టెలో దాచుకోవచ్చు. నకలు సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే రెండుసార్లు తీసి, రెండు ఫైళ్ళకూ షా-256 మొత్తం కట్టించి పోల్చండి. 64 అక్షరాల ఆ మొత్తాలు రెండూ ఒకటే అయితే రెండు నకళ్ళూ ఒకటేనని నమ్మవచ్చు. డిస్కు మీద గీతలుండి మధ్యలో చదువు ఆగిపోతే జి.ఎన్.యు. వారి డి.డి. రెస్క్యూ వాడాలి. అది మంచి భాగాలన్నీ ముందు చదివేసి, చెడిన చోటికి తర్వాత మళ్ళీ మళ్ళీ వస్తుంది. గింజ గట్టిగా వున్న వెన్నులు ముందు కోసుకుని, పడిపోయిన పైరు సంగతి తర్వాత చూసుకున్నట్టు.

లోపం కూడా చెప్పాలి. ఐ.ఎస్.ఓ. ఫైలులోకి వచ్చేది 2048 బైట్ల సమాచారం మాత్రమే. కాబట్టి పాటల సి.డి.కి ఈ పద్ధతి పనికిరాదు. కొన్ని సాఫ్ట్‌వేరులు అసలు డిస్కు వుంటే తప్ప తెరుచుకోకుండా తాళం వేసి వుంటాయి. వాటికీ చాలదు.

రెండో దారి: హోస్టు డ్రైవును చూపించడం

స్టోరేజ్ భాగంలోనే ఐ.ఎస్.ఓ. ఫైలుకు బదులు హోస్ట్ డ్రైవ్ అనేదాన్ని ఎన్నుకోవచ్చు. లినక్స్‌లో బయటి డ్రైవు సాధారణంగా ఎస్.ఆర్. సున్నా అనే పేరుతో వుంటుంది. డ్రైవును ముందే తగిలించి, ఆ తర్వాత గెస్టును ప్రారంభించడం మంచిది. గెస్టు నడుస్తున్నప్పుడు డివైసెస్ మెనూలో ఆప్టికల్ డ్రైవ్స్ దగ్గర కూడా ఇదే ఎంపిక దొరుకుతుంది.

ఈ దారిలో డ్రైవు హోస్టు చేతిలోనే వుంటుంది. గెస్టు అడిగిన సెక్టారును వర్చువల్‌బాక్స్ హోస్టు ద్వారా తెప్పించి అందిస్తుంది. గెస్టుకు కనబడేది తీగతో తగిలించిన డ్రైవు కాదు, వర్చువల్‌బాక్స్ అల్లిన ఒక ఊహా డ్రైవు. ఎక్స్‌పికి ఆ ఊహా డ్రైవును ఐ.డి.ఇ. కంట్రోలరు కింద పెట్టాలి. ఎక్స్‌పి పుట్టిన నాటికి తర్వాతి తరం ఏ.హెచ్.సి.ఐ. కంట్రోలరు లేదు గనుక దానికి కావలసిన డ్రైవరు అందులో లేదు.

పక్కనే పాస్‌త్రూ అనే చిన్న గడి వుంటుంది. అందులో టిక్కు పెట్టకపోతే గెస్టు డేటా చదవగలదు, అంతే. టిక్కు పెడితే గెస్టు ఇచ్చే ఆజ్ఞలు నేరుగా అసలు డ్రైవుకు చేరతాయి. అప్పుడు ఖాళీ డిస్కుమీద రాయడానికీ వీలు కలుగుతుంది. ఏ ఆజ్ఞ పడితే ఆ ఆజ్ఞ డ్రైవుకు వెళుతుంది గనుక అవసరమైతేనే ఈ టిక్కు పెట్టాలి.

మూడో దారి: డ్రైవును పూర్తిగా అప్పగించడం

మొదటి రెండు దారులూ చాలనప్పుడు డ్రైవును యు.ఎస్.బి. పరికరంగా గెస్టుకే వదిలెయ్యాలి. అప్పుడు హోస్టుకు అది కనబడదు. తీగ తీసేసి గెస్టుకే గుచ్చినట్టు వుంటుంది. క్రమం ఇలా:

1. లినక్స్ హోస్టులో మీ ఖాతాను వి.బాక్స్ యూజర్స్ అనే గుంపులో చేర్చాలి. చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి. చాలామంది ఈ రెండో మాట మరిచి గంటలు గంటలు తంటాలు పడతారు.

2. గెస్టును ఆపివేసి, సెట్టింగుల్లో యు.ఎస్.బి. భాగం తెరిచి, కంట్రోలరును ప్రారంభించాలి. అక్కడ 1.1, 2.0, 3.0 అని మూడు రకాలుంటాయి. ఎక్స్‌పికి 2.0 ఎన్నుకోండి. ఎక్స్‌పిలో గాని విండోస్ 7లో గాని 3.0కు కావలసిన డ్రైవరు సహజంగా లేదు. అది విండోస్ 8 నుంచే వచ్చింది. కొత్తది గదా అని 3.0 పెడితే గెస్టు ఆ కంట్రోలరునే గుర్తించదు.

3. వర్చువల్‌బాక్స్ 7.0కు ముందు వెర్షన్లలో 2.0, 3.0 రకాలకు ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అనే అదనపు ముక్క కావలసి వచ్చేది. 2022లో వచ్చిన 7.0 నుంచి అవి మూల ప్యాకేజీలోనే వున్నాయి. పాత వెర్షను వాడేవారు ఇది గమనించాలి.

4. అక్కడే ప్లస్ గుర్తు నొక్కి మీ డ్రైవు పేరు ఎన్నుకుంటే ఒక ఫిల్టరు తయారవుతుంది. ప్రతి యు.ఎస్.బి. పరికరానికీ తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య అని రెండుంటాయి. ఫిల్టరు వాటిని చూసి మన డ్రైవును పోల్చుకుంటుంది.

5. హోస్టులో డిస్కు తెరిచి వుంటే ముందు అన్‌మౌంట్ చెయ్యాలి. తర్వాత తీగ పీకి, గెస్టు ప్రారంభించి, మళ్ళీ గుచ్చాలి. గుచ్చగానే ఫిల్టరు పని మొదలవుతుంది. ముందునుంచీ గుచ్చి వున్న డ్రైవునైతే డివైసెస్ మెనూలో యు.ఎస్.బి. దగ్గర పేరుమీద టిక్కు పెట్టి చేతితో అప్పగించవచ్చు.

1.1 రకం పెడితే ఏమవుతుందని అడగవచ్చు. పని చేస్తుంది, నత్తనడక నడుస్తుంది. దాని వేగం సెకనుకు 12 మెగాబిట్లు, అనగా 1.5 మెగాబైట్లు. ఆచరణలో సుమారు 1 మెగాబైటు దక్కుతుందనుకుంటే 700 మెగాబైట్ల సి.డి.కి దాదాపు 12 నిమిషాలు, 4.7 గిగాబైట్ల డి.వి.డి.కి గంటంపావు దాటుతుంది. 2.0 రకం వేగం సెకనుకు 480 మెగాబిట్లు. దానితో ఈ బాధ లేదు.

పని చెయ్యకపోతే ఎక్కడ వెతకాలి?

మడికి నీరు రాకపోతే రైతు మడి దగ్గరే నిలబడి తిట్టుకోడు. తూము దగ్గర మొదలుపెట్టి కాలవ గట్టు వెంట నడుచుకుంటూ వస్తాడు. మనమూ అలాగే పైనుంచి కిందికి రావాలి.

మొదట కరెంటు. డ్రైవు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తూ డిస్కు తిప్పలేకపోతోందా? మోటారు పంపు స్విచ్చి వెయ్యగానే ఎక్కువ కరెంటు లాగుతుందని, వోల్టేజి తక్కువుంటే మూలుగుతుందే గాని తిరగదని మనకు తెలుసు. డిస్కు మోటారుదీ అదే స్వభావం. యు.ఎస్.బి. 2.0 సాకెట్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 సాకెట్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలని నియమం. డ్రైవు వెనుక చీటీ మీద ఎంత కావాలో రాసి వుంటుంది, చూడండి. సాకెట్టు ఇచ్చేది చాలకపోతే రెండు మొనలున్న తీగనో, విడిగా కరెంటు తీసుకునే హబ్బునో వాడాలి. సన్నటి, పొడుగాటి తీగలు వద్దు. వాటిలోనే వోల్టేజి పడిపోతుంది.

రెండోది హోస్టు. ఎల్.ఎస్. యు.ఎస్.బి. అనే ఆజ్ఞ ఇస్తే తగిలించిన పరికరాల జాబితా వస్తుంది. డ్రైవు అందులో లేకపోతే తప్పు తీగది, సాకెట్టుది, లేదా డ్రైవుది. వర్చువల్‌బాక్స్‌ను నిందించి లాభం లేదు. జాబితాలో వుంటే హోస్టులోనే డిస్కు తెరిచి చూడండి. అక్కడ తెరుచుకోని డిస్కు గెస్టులో మాత్రం ఎలా తెరుచుకుంటుంది?

మూడోది వర్చువల్‌బాక్స్. యు.ఎస్.బి. జాబితా ఖాళీగా వుంటే గుంపులో చేరని లోపం. పేరుండి మసకగా కనబడితే ఇంకెవరో దాన్ని పట్టుకుని వున్నారని అర్థం.

నాలుగోది గెస్టు. ఎక్స్‌పిలో డివైస్ మేనేజర్ తెరవండి. పసుపుపచ్చ గుర్తు కనబడితే డ్రైవరు సమస్య, కంట్రోలరు రకం మార్చి చూడండి. ఈ నాలుగు మెట్లూ వరసగా దిగితే తప్పు ఎక్కడుందో దాదాపు ఎప్పుడూ తేలిపోతుంది.

రెండు జాగ్రత్తలు

ఎక్స్‌పి గెస్టుకు ఇంటర్నెట్ ఇవ్వకండి. మద్దతు లేని సిస్టమ్ కంచె లేని చేను లాంటిది. సెట్టింగుల్లో నెట్‌వర్కును తీసేసి, ఫైళ్ళు అటూ ఇటూ మార్చడానికి షేర్డ్ ఫోల్డరు వాడుకోవచ్చు. దానికి గెస్టులో గెస్ట్ అడిషన్స్ ఎక్కించాలి. పని మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ ఒకటి తీసుకుంటే ఏదైనా చెడినా వెనక్కి రావచ్చు.

రెండోది డిస్కుల ఆరోగ్యం. మనం రాసుకున్న సి.డి.ల్లో సమాచారం ఒక రంగు పొరలో వుంటుంది. ఎండా, వేడీ దాన్ని పాడుచేస్తాయి. ఆ పొర వుండేది పేరు రాసే వైపునే, పలచని లక్క పూత కింద. అందుచేత అడుగున పడిన చిన్న గీతకన్నా పైన బాల్ పెన్నుతో నొక్కి రాసిన రాత ప్రమాదం. రాయాలంటే మెత్తటి మార్కరుతో మధ్య భాగంలో రాయండి.

ఏ దారి ఎవరికి?

డేటా డిస్కులకు మొదటి దారే ఉత్తమం. ఒక్కసారి చదివితే చాలు, తర్వాత డిస్కు పోయినా నకలుంటుంది. తొందరగా ఒకటి రెండు డిస్కులు చూడాలంటే రెండో దారి చాలు. తాళం వేసిన సాఫ్ట్‌వేరులకు, గెస్టు నుంచే డిస్కు రాయవలసినప్పుడు పాస్‌త్రూతో రెండో దారి చూసి, అదీ కుదరకపోతే మూడోది పట్టాలి.

మా విభాగంలో మేము అనుసరించింది ఈ వరసే. ప్రతి డిస్కుకూ ముందు నకలు తీశాం. పాత సాఫ్ట్‌వేరును ఎక్స్‌పి గెస్టులో ఎక్కించి, ఫలితాలను ఏ కంప్యూటరైనా చదవగల మామూలు అక్షరాల ఫైళ్ళుగా మార్చుతున్నాం. కొన్ని డిస్కులు ఇప్పటికే మూగబోయాయి, వాటిలోని గ్రామాల లెక్కలు ఇక రావు. తెరుచుకున్న వాటిలో మా పక్క వూరి చెరువు కింది పొలాలు కూడా వున్నాయి. ఈ వేసవిలో అవే పొలాల్లో మళ్ళీ మన్ను తీసి పోల్చాలని మా తరగతివారి సంకల్పం.

ఇతర విభాగాల సోదర విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ బీరువాల్లోనూ ఇలాంటి డబ్బాలుంటాయి. పరీక్షల హడావుడి ముగిశాక ఒక మధ్యాహ్నం కేటాయించండి. విభాగానికి ఒక బయటి డ్రైవు వున్నా సరిపోతుంది, లేకపోతే మా దగ్గరున్నది వంతుల ప్రకారం వాడుకుందాం. వచ్చే ఏటికి ఇంకొన్ని డిస్కులు మూగబోకముందే ఆ పని జరగాలి.